రన్‌డీఎల్‌ఎల్32: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు చేసి, మాదాపూర్ ఆఫీసుల్లో డెస్క్‌టాప్ సపోర్ట్‌లో చేరే పిల్లల దగ్గర తరచూ కనిపించేది 'విండోస్ ట్రిక్స్' ఫైల్. అందులో సగం కమాండ్లు రన్‌డీఎల్‌ఎల్32తోనే మొదలవుతాయి. డీఎల్‌ఎల్ అంటే ప్రోగ్రామ్‌లు పంచుకుని వాడుకునే కోడ్ ఫైల్; అందులోని ఫంక్షన్‌ని (ఒక పని చేసే కోడ్ ముక్కని) పిలిచి నడిపే విండోస్ ప్రోగ్రామే రన్‌డీఎల్‌ఎల్32. వాటి మీద నమ్మకాలు కూడా చాలానే.

అపోహ: డీఎల్‌ఎల్‌లో ఉన్న ఏ ఫంక్షన్‌నైనా దీంతో నడపొచ్చు.

వాస్తవం: ఈ ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్‌ని పిలిచినా పంపేది అవే నాలుగు: ఒక విండో హ్యాండిల్ (విండోని గుర్తించే విలువ), ఒక ఇన్‌స్టన్స్ హ్యాండిల్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని గుర్తించే విలువ), మనం చివర్లో టైప్ చేసిన టెక్స్ట్, విండో ఎలా కనపడాలో చెప్పే అంకె. ఆ నాలుగూ తీసుకునేలా రాసిన ఫంక్షన్లకే ఇది పనికొస్తుంది. ప్రింటర్ల కోసం వాడే ప్రింట్‌యూఐఎంట్రీ అలాంటిదే.

యూజర్32 అనే విండోస్ డీఎల్‌ఎల్‌లో మౌస్ బటన్లు మార్చే స్వాప్‌మౌస్‌బటన్ ఫంక్షన్ సంగతి చూడండి. దానికి సున్నా అందితే మౌస్ మామూలుగా ఉంటుంది, ఇంకేది అందినా కుడి ఎడమలు తారుమారు. అందేది విండో హ్యాండిల్, అది సున్నా కాదు. అందుకే చివర్లో సున్నా రాసినా, మళ్లీ మళ్లీ నడిపినా బటన్లు యథాస్థితికి రావు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవాల్సిందే.

స్లీప్ షార్ట్‌కట్ కోసం సెట్‌సస్పెండ్‌స్టేట్ ఫంక్షన్ పక్కన రాసే 0,1,0 కూడా అంతే. అవి అంకెలుగా చేరవు. హైబర్నేషన్ (మెమరీలో ఉన్నది డిస్క్‌లో దాచి మెషిన్ ఆగిపోవడం) ఆన్‌లో ఉంటే మెషిన్ స్లీప్‌కి బదులు హైబర్నేట్ అయిపోయేది అందుకే.

మరి స్క్రీన్ లాక్ చేసే లాక్‌వర్క్‌స్టేషన్ పనిచేస్తోంది కదా అంటారు. అది ఏ విలువా తీసుకోదు కాబట్టి నడిచిపోతోంది. దాన్ని చూసి మిగతావాటిని నమ్మకండి.

అపోహ: ప్రాసెస్‌ఐడిల్‌టాస్క్స్ నడిపితే ర్యామ్ ఖాళీ అవుతుంది.

వాస్తవం: కాదు. ఖాళీ దొరికినప్పుడు చేద్దామని విండోస్ వాయిదా వేసుకున్న పనులన్నీ ఇప్పుడే మొదలవుతాయి. బెంచ్‌మార్క్ (సిస్టమ్ వేగం కొలిచే పరీక్ష) చేసే ముందు వాడుకోవడానికి పెట్టిన సదుపాయం ఇది. ఇప్పటికే నెమ్మదిగా ఉన్న కస్టమర్ సిస్టమ్ మీద దయచేసి నడపకండి, కాసేపు ఇంకా నెమ్మదిస్తుంది.

అపోహ: టాస్క్ మేనేజర్‌లో రన్‌డీఎల్‌ఎల్32 కనపడితే వైరస్సే.

వాస్తవం: అది విండోస్‌తో వచ్చే ప్రోగ్రామే. టెన్షన్ పడి డిలీట్ చేయకండి. అలాగని వదిలేయకండి కూడా, మాల్వేర్ రాసేవాళ్లు దీని చాటున దాక్కోవడం నిజమే. డీటెయిల్స్ ట్యాబ్‌లో కమాండ్ లైన్ కాలమ్ ఆన్ చేయండి. ప్రోగ్రామ్ సిస్టమ్32 లేదా సిస్‌వావ్64 ఫోల్డర్‌లోనే ఉందా, అది ఏ డీఎల్‌ఎల్‌ని నడుపుతోంది అన్నవి రెండూ చూడాలి. ప్రోగ్రామ్ అసలుదే అయినా, డీఎల్‌ఎల్ టెంప్ ఫోల్డర్‌లోంచి వస్తుంటే నెట్‌వర్క్ కేబుల్ తీసేసి సెక్యూరిటీ టీమ్‌కి ఫోన్ చేయండి.