పేకమేడలు కట్టిన ఆర్కిటెక్ట్

మొన్న ఒకాయన అడిగారు, "భూకంపమో వరదో వస్తే డాక్టర్లు పరిగెడతారు, సైన్యం దిగుతుంది, సరే. ఆర్కిటెక్ట్ వెళ్లి ఏం చేస్తాడండీ, శిథిలాల మధ్య కూర్చుని ప్లాన్లు గీస్తాడా?" అని. నవ్వొచ్చింది గానీ ప్రశ్న మంచిదే. మిగిలిన ఇళ్లలో ఏది ఉండటానికి పనికొస్తుందో చూసి చెప్పడం, మళ్లీ ఎక్కడ కట్టాలో ఎక్కడ కట్టకూడదో తేల్చడం, ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నీ ముఖ్యమే, కానీ ఇప్పుడు వాటి జోలికి వెళ్లను. చాలా రోజులుగా నాకు ఒకటే పిచ్చి పట్టుకుంది: కాగితం గొట్టం.

అవును, కాగితమే. బట్టల తాను మధ్యలో ఉంటుందే, ఆ అట్ట గొట్టం. జపాన్ ఆర్కిటెక్ట్ షిగేరు బాన్ 1980ల్లోనే దీన్ని పట్టుకున్నాడు, అప్పట్లో ఎగ్జిబిషన్ల కోసం. దాని అసలు విలువ బయటపడింది మాత్రం 1994లో, రువాండా మారణకాండ నుంచి లక్షల మంది పారిపోయి శిబిరాల్లో పడ్డప్పుడు. ఐక్యరాజ్యసమితి వాళ్లు ప్లాస్టిక్ షీట్లు ఇచ్చారు, కర్రలు జనమే తెచ్చుకోవాలి, దాంతో చుట్టుపక్కల చెట్లన్నీ నరికేశారు. పోనీ అని అల్యూమినియం పైపులిస్తే వాటిని అమ్ముకుని మళ్లీ చెట్లే నరికారు! తప్పేముంది, చేతిలో డబ్బు లేనివాడు ఇంకేం చేస్తాడు. అప్పుడు బాన్ చెప్పిన ఉపాయం కాగితం గొట్టాలు, అమ్ముదామన్నా కొనేవాడుండడు. చెట్టును కాపాడేది ఏమిటంటే గొట్టానికి మార్కెట్లో విలువ లేకపోవడం! నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే.

సరే, కాగితం బరువు మోస్తుందా? ఇంట్లోనే చూడొచ్చు. నాలుగు ఏ4 కాగితాలు తీసుకుని గొట్టాల్లా చుట్టి, విడిపోకుండా టేపేసి, నాలుగు మూలల్లో నిలబెట్టి పైన అట్ట పెట్టి పుస్తకాలు ఒక్కొక్కటే పేర్చండి. నేను పేరుస్తూ పోతే ఏడో పుస్తకానికి నాకే భయమేసి ఆపేశాను, గొట్టాలు మాత్రం కదల్లేదు. అదే కాగితాన్ని చుట్టకుండా నిలబెట్టండి, దాని బరువుకే వాలిపోతుంది.

గుట్టంతా పదార్థం ఎంత ఉందన్న దానిలో లేదు, మధ్య నుంచి ఎంత దూరంలో ఉందన్న దానిలో ఉంది. సన్నటి స్తంభం నలిగి విరిగేలోపే పక్కకి వంగి పడిపోతుంది, దీన్నే బక్లింగ్ అంటారు. వంగకుండా ఆపే గుణానికి పేరు సెకండ్ మొమెంట్ ఆఫ్ ఏరియా, కాలేజీలో మాకు దీన్ని ఫార్ములాగా బట్టీ పట్టించారు, ఒక్క కాగితం చుట్టి చూపించిన మాస్టారు లేడు. బాన్ 1995లో వాడిన గొట్టం వ్యాసం 106 మిల్లీమీటర్లు, మందం 4. బయటి వ్యాసం వర్గంలోంచి లోపలి వ్యాసం (98) వర్గం తీసేస్తే 1632. దాని వర్గమూలం తీస్తే, అదే కాగితాన్ని బోలు లేకుండా గట్టి కర్రలా చేస్తే వచ్చే వ్యాసం తెలుస్తుంది: 40 మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. వంగకుండా ఆపే ఆ గుణం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఇప్పుడు నాలుగో ఘాతాలు వేసి (గొట్టానికైతే బయటిదాంట్లోంచి లోపలిది తీసేసి) రెండింటినీ పోల్చండి: గొట్టం దాదాపు 13 రెట్లు ఎక్కువ బిగువు. కాగితం అదే, బరువు అదే, మధ్యలో గాలి చేరిందంతే.

దీనికి రెండో వైపు ఇంకా బాగుంటుంది. భూకంపం ఇంటి మీదకొచ్చి కొట్టదు, కింద నేలను లాగేస్తుంది, అప్పుడు ఇంటి బరువే ఇంటికి శత్రువు, బలం అంటే ద్రవ్యరాశి ఇంటూ త్వరణం కదా. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకి నాలుగు క్వింటాళ్ల పైమాటే. గొట్టాలు పక్కపక్కన పేర్చిన గోడ నా లెక్క ప్రకారం పది కిలోలు. నేల గురుత్వ త్వరణంలో మూడో వంతుతో ఊగిందనుకుంటే ఇటుక గోడ ప్రతి చదరపు మీటరునీ సుమారు 145 కిలోల బరువంత బలం పక్కకి నెడుతుంది, కాగితం గోడని మూడు కిలోల చిల్లర. ఇదంతా పక్కన పెట్టి ఫలానా గ్రహాలు ఒకే వరుసలోకి వచ్చాయి కాబట్టి భూకంపం అని ఫోన్లలో తిప్పేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. చంపేది గ్రహాలు కాదు, నెత్తిమీది కప్పు. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబే భూకంపంలో ఆరు వేల మందికి పైగా పోయారు, బరువైన పెంకుల కప్పుతో ఉన్న పాత చెక్క ఇళ్లు చాలా కూలాయి.

ఆ కోబేలోనే ఇల్లు కోల్పోయినవాళ్ల కోసం బాన్ ఈ గొట్టాల ఇళ్లు కట్టాడు. పునాది ఏంటో తెలుసా, ఇసుక బస్తాలు వేసిన బీరు క్రేట్లు! నేల తడి పైకి రాదు, ఇల్లు ఎగిరిపోదు. గొట్టాల మధ్య సందుల్లో వాటర్‌ప్రూఫ్ స్పాంజి టేపు, పైన గుడారం బట్ట. 2001లో భుజ్ భూకంపం తర్వాత అదే ఇల్లు గుజరాత్ వచ్చింది, అక్కడ క్రేట్లు లేవు కాబట్టి కూలిన ఇళ్ల శిథిలాలే పునాదిలోకి వెళ్లాయి, కప్పుకి వెదురు, పైన చాప, టార్పాలిన్. నన్నడిగితే ఆర్కిటెక్ట్ పని ఇదే, డ్రాయింగ్ తెచ్చి దింపేసి పోవడం కాదు, అక్కడ పడున్నదాన్ని చూసి ఇది పనికొస్తుంది అని గుర్తుపట్టడం.

2011 జపాన్ సునామీ తర్వాత వ్యాయామశాలల్లో వందల మంది ఒకే హాల్లో పడుకుంటుంటే ఇవే గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఫ్రేములు చేసి బట్ట తెరలు కట్టారు. మేకులక్కర్లేదు. ఒక కుటుంబం బట్టలు మార్చుకోవడానికి, ఒక మనిషి ఎవరూ చూడకుండా ఏడవడానికి నాలుగు తెరలు.

లోపాల్లేవా అంటే ఉన్నాయి. కాగితానికి తడి పడదు, పైన పూత వేయాల్సిందే. బరువు ఏళ్లకేళ్లు అలాగే ఉంటే మెల్లగా కుంగుతుంది కూడా, దీన్ని క్రీప్ అంటారు, అందుకే మొదట్నుంచీ లెక్కల్లో తక్కువ బరువే మోయిస్తారు. తాత్కాలికానికి సరే, తర్వాతేంటి అంటారా? కోబే భూకంపంలో కాలిపోయిన ఒక చర్చి స్థలంలో బాన్ 1995లో వాలంటీర్లతో 58 గొట్టాల హాలు కట్టాడు, అయిదు వారాల్లో. తాత్కాలికమే అనుకున్నారు. పదేళ్లు వాడారు, 2005లో విప్పారు, 1999 భూకంపం దెబ్బ తిన్న తైవాన్ ఊరు తావోమీకి తీసుకెళ్లి మళ్లీ బిగించారు, 2008 నుంచి అక్కడ నడుస్తోంది.