ఫోన్ ఫ్యాక్టరీలను ఎవరు తెచ్చారు? శ్రీసిటీ నుంచి వికృతమాల దాకా ఒక సుంకం కథ

ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల మాటెత్తితే తిరుపతి టీ అంగళ్లలో వాదన రెండో నిమిషానికే పేర్ల మీదికి పోతుంది. ‘మా సారు తెచ్చినాడు’ అని ఒకరు, ‘రిబ్బను కత్తిరించింది ఎవురు మరి?’ అని ఇంకొకరు. మూడో మనిషి ఢిల్లీ పేరు చెబుతాడు. ఏర్పేడు మండలం వికృతమాల దగ్గరున్న చైనా కంపెనీ టీసీఎల్ తెరల ప్యానెళ్ల ఫ్యాక్టరీనే చూడండి. 2018 డిసెంబరులో చంద్రబాబు నాయుడు దానికి శంకుస్థాపన చేశారు, 2022 జూన్‌లో జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు. రెండు ఫొటోలూ నిజమే. ఎవరి ఫొటో వాళ్ల ఫోన్లో ఉంటుంది.

ముఖ్యమంత్రులకు ఇందులో పాత్ర లేదని అనను. భూమి, నీళ్లు, కరెంటు, అనుమతులు రాష్ట్రం చేతిలోవే. అయితే ఈ ఫ్యాక్టరీలు ఫలానా ఏడాదే ఎందుకు వచ్చాయి, ఫలానా రకానివే ఎందుకు వచ్చాయి అని అడిగితే జవాబు ఎక్కువగా దొరికేది కస్టమ్స్ సుంకాల పట్టికలో, కొంత చెన్నై రేవులో.

కథ 1997లో మొదలవుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ కింద కుదిరిన సమాచార సాంకేతిక ఒప్పందంలో ఆ ఏడాది భారతదేశం చేరింది. కంప్యూటర్లు, టెలికం పరికరాలు, వాటి విడిభాగాల మీద దిగుమతి సుంకాన్ని మెల్లమెల్లగా తగ్గించి 2005 నాటికి సున్నా చేయాలన్నది షరతు. సాఫ్ట్‌వేరుకు అది మేలే చేసింది. చవగ్గా కంప్యూటర్లు వచ్చాయి, బెంగళూరు, హైదరాబాదు పెరిగాయి, మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు బస్సెక్కింది ఆ ఊళ్లకే. వస్తువు తయారుచేసేవాడికి మాత్రం గిట్టుబాటు లేకుండా పోయింది. బయట తయారైన పరికరం పన్ను లేకుండా దిగుతుంటే ఇక్కడ షెడ్డు వేసి, వడ్డీ కట్టి, కరెంటు కోతలు భరించి తయారుచేసేది ఎవరు?

నోకియా చేసింది. 2006లో శ్రీపెరుంబుదూరులో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. చెన్నై రేవు అందుబాటులోనే, విమానాశ్రయం ఇంకా దగ్గర. ఎగుమతులకు సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) రాయితీలు. చుట్టూ విడిభాగాల కంపెనీలు, ఇతర బ్రాండ్లకు ఫోన్లు బిగించిపెట్టే ఫాక్స్‌కాన్‌తో సహా, చేరాయి. ఆ ఫ్యాక్టరీ కూలిన తీరు మన కథకు ముఖ్యం. ఫిన్లాండులోని మాతృసంస్థకు సాఫ్ట్‌వేరు కోసం కట్టిన సొమ్ముపై పన్ను కోయలేదంటూ ఆదాయపు పన్ను శాఖ 2013లో 2,000 కోట్ల రూపాయలకు పైగా డిమాండు పంపింది. తమిళనాడు ప్రభుత్వం నుంచి అమ్మకపు పన్ను గొడవ వేరే. 2014 ఏప్రిల్‌లో నోకియా ఫోన్ల వ్యాపారమంతా మైక్రోసాఫ్ట్ చేతికి పోయినా, కోర్టు కేసుల్లో చిక్కుకున్న ఈ ఫ్యాక్టరీ ఒక్కటి మిగిలిపోయింది. 2014 నవంబరు 1న లైన్లు ఆగాయి. ఆ డిసెంబరులో పక్కనున్న ఫాక్స్‌కాన్ కూడా తాళం వేసింది. వేలమంది, అందులో ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, ఇళ్లకు పోయారు. పని తెలిసిన చేతులు, సరుకు తెచ్చే దారులు, కస్టమ్స్ పని తెలిసిన ఏజెంట్లు మాత్రం చెన్నై చుట్టుపక్కలే ఉండిపోయారు.

చెన్నైకి ఉత్తరాన 55 కిలోమీటర్ల దూరంలో, సరిహద్దుకు ఇవతల, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో శ్రీసిటీ అప్పటికే ఉంది. 2005 నాటి సెజ్ చట్టం వేడిలో 2008లో మొదలైన పారిశ్రామిక నగరం అది. అప్పట్లో చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. చిరునామా ఆంధ్రా, సరుకు దిగేది చెన్నైలో. సెజ్‌తో పాటు దేశీయ అమ్మకాల కోసం ప్రత్యేకంగా ఇంకో భాగం పెట్టుకోవడం దాని తెలివి. చట్టం ప్రకారం సెజ్‌లో తయారైన సరుకును దేశంలో అమ్మితే దిగుమతి కిందే లెక్క, సుంకం కట్టాలి. ఎగుమతి చేసేవాళ్లకు సెజ్ బాగుంటుంది. మన జేబులోకి వచ్చే ఫోను చేయాలంటే సెజ్ బయట స్థలం కావాలి.

ఆ స్థలానికి గిరాకీ తెచ్చింది 2015 కేంద్ర బడ్జెట్. దిగుమతి చేసుకున్న ఫోనుపై అదనపు సుంకం 12.5 శాతం. ఇక్కడే చేసిన ఫోనుపై ఎక్సైజు సుంకం, ముడిసరుకు పన్ను మినహాయింపు అడగకపోతే, 1 శాతం. తేడా 11.5 శాతం. ఫోన్ల వ్యాపారంలో కంపెనీకి మిగిలేదే అందులో సగం ఉండదు. అంత తేడా కనిపించాక ఎవరూ చూస్తూ కూర్చోరు. 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు సమక్షంలో చైనా కంపెనీ షియోమీ తన మొదటి భారత తయారీ ఫోనును చూపించింది. అది రెడ్‌మీ 2 ప్రైమ్, ధర 6,999 రూపాయలు, తయారైంది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. పక్క రాష్ట్రంలో ఎనిమిది నెలల కిందట తాళం వేసిన కంపెనీయే ఇక్కడ తలుపు తెరిచింది. చంద్రబాబు ప్రభుత్వం చకచకా పనులు చేసిపెట్టిన మాట నిజం. ఆ బడ్జెట్ లేకపోతే చేసిపెట్టడానికి పనే ఉండేది కాదన్నదీ అంతే నిజం.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చి ఎక్సైజు, అదనపు సుంకం రెండూ పోయాయి. వాటితో పాటే ఆ తేడా కూడా. కేంద్రం అదే రోజు నుంచి ఫోన్ల దిగుమతిపై 10 శాతం మూల కస్టమ్స్ సుంకం వేసింది. డిసెంబరులో దాన్ని 15 శాతం, 2018 ఫిబ్రవరి బడ్జెట్‌లో 20 శాతం చేసింది. 1997లో సున్నా అని సంతకం పెట్టిన చేయి, ఈ కొత్త ఫోన్లు ఆ పాత ఒప్పందంలోకి రావంటూ వాదించింది. యూరోపియన్ యూనియన్, జపాన్, తైవాన్ కేసులు వేశాయి. 2023 ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెళ్లు భారత్‌దే తప్పన్నాయి. భారత్ అప్పీలు చేసింది. అప్పీళ్లు వినే బెంచి 2019 డిసెంబరు నుంచి సరిపడా సభ్యులు లేక పనిచేయడం లేదు. ఇది చట్టమా, చమత్కారమా అన్నది వేరే చర్చ. శ్రీసిటీ లైన్లు మాత్రం ఆ గోడ నీడలోనే నడిచాయి.

గోడను ఒక్కో వరుసగా పైకి కట్టాలన్నది ప్రణాళిక. మొదట చార్జర్లు, బ్యాటరీలు, హెడ్‌సెట్ల మీద సుంకం, తర్వాత సర్క్యూట్ బోర్డులు, కెమెరాల మీద. 2018 ఏప్రిల్‌లో భాగాలు అతికించిన బోర్డుల మీద 10 శాతం పడింది. అదే నెలలో షియోమీ బోర్డులను ఇక్కడే చేయిస్తామని ప్రకటించింది. ఎక్కడ? శ్రీపెరుంబుదూరులో. ఫోను బిగించే పని ఇవతలికి వచ్చింది, యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ కావలసిన బోర్డు పని అటే ఆగింది. మన ఊరి వాదనల్లో ఈ సంగతి వినపడదు.

తిరుపతి పక్కకు వచ్చినవి ప్రధానంగా టీవీలు. రేణిగుంట విమానాశ్రయం చుట్టూ కేంద్ర ప్రభుత్వ పథకం కింద రెండు ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు లేచాయి. దేశీయ ఫోన్ బ్రాండ్లు మొదట ఇక్కడికి వస్తామన్నాయి. చైనా బ్రాండ్ల దెబ్బకు అవే నిలబడలేకపోతే ఫ్యాక్టరీల మాటేముంది? చివరికి నిలదొక్కుకున్నది ఇతర బ్రాండ్లకు సరుకు తయారుచేసిపెట్టే డిక్సన్. 2017 డిసెంబరులో టీవీల దిగుమతి సుంకం 10 నుంచి 20 శాతానికి పెరిగింది. 2018 అక్టోబరుకల్లా షియోమీ టీవీలు తిరుపతి డిక్సన్‌లో తయారు కావడం మొదలైంది. టీసీఎల్ శంకుస్థాపన ఆ తర్వాత రెండు నెలలకు. వరుస చూస్తే ఎవరు ఎవరిని పిలిచారో తెలుస్తుంది.

2020లో ఢిల్లీ లెక్క మారింది. ఏప్రిల్‌లో, సరిహద్దు దేశాల పెట్టుబడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. జూన్‌లో గల్వాన్ ఘర్షణ జరిగింది, ఆ నెలాఖరున 59 చైనా యాప్‌లను నిషేధించారు, చైనా ఇంజనీర్లకు వీసాలు గగనమయ్యాయి. అదే ఏడాది ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం వచ్చింది. ఫోన్లకు 40,951 కోట్ల రూపాయలు కేటాయించి, అదనపు అమ్మకాలపై 4 నుంచి 6 శాతం ఇస్తామన్నారు. విదేశీ కంపెనీలైతే 15,000 రూపాయలకు పైబడిన ఫోన్లకే. ఆపిల్, శాంసంగ్‌లకు సరిగ్గా సరిపోయే కొలత అది. చవక ఫోన్ల మీద బతికే శ్రీసిటీకి ఆ కొలత కుదరలేదు. ఐఫోన్లు శ్రీపెరుంబుదూరుకు, కోలారు పక్క నరసాపురకు పోయాయి. 2022 ఏప్రిల్‌లో షియోమీకి చెందిన 5,551 కోట్లను ఈడీ స్తంభింపజేసింది. ఇక్కడి కంపెనీలకు ఒకే కొనుగోలుదారును నమ్ముకోవడంలోని ప్రమాదం అప్పుడు తెలిసివచ్చింది.

ఈ సమయంలో శ్రీసిటీని ఆదుకున్నది ఏసీలు. 2020 అక్టోబరులో గ్యాసు నింపిన ఏసీల దిగుమతిని కేంద్రం నిషేధించింది, మరుసటి ఏడాది ఏసీ విడిభాగాలకు ప్రోత్సాహకం ప్రకటించింది. 2023లో బ్లూస్టార్, డైకిన్ ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. 2025 మే నెలలో 5,000 కోట్ల ఎల్జీ ఫ్యాక్టరీకి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. ఫోన్ల కంటే ఈ వరస నాకు నమ్మకం కలిగిస్తుంది. ఏసీ బరువైన సరుకు, దూరం నుంచి మోసుకురావడం దండగ, పైగా ప్రోత్సాహకం విడిభాగాలకే ఇచ్చారు కాబట్టి కంప్రెసరు కూడా ఇక్కడే చేయాలన్న ఆశ పుడుతుంది.

‘ఇది తయారీయా, ఉత్త బిగింపా?’ అన్న గొడవ 2023లో దేశమంతా నడిచింది. ప్రోత్సాహకం పూర్తయిన ఫోనుకు ఇస్తున్నారు గాని ఇక్కడ జోడైన విలువకు కాదనీ, భాగాల దిగుమతిని తీసేస్తే ఎగుమతుల లాభం చిక్కిపోతుందనీ రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు రఘురామ్ రాజన్ వాదించారు. ఏ దేశమైనా బిగింపుతోనే మొదలుపెట్టిందనీ, పరిమాణం పెరిగితే భాగాలూ వస్తాయనీ ప్రభుత్వం వైపు జవాబు. నాకైతే రాజన్ లెక్క సరైనదే అనిపిస్తుంది. కానీ ఆ లెక్కలో సత్యవేడు పిల్ల జీతం చాలా చిన్న అంకెగా కనిపిస్తుంది, ఆమె ఇంట్లో అది అంత చిన్నది కాదు. పదో ఇంటరో చదివి, తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కి, నిలబడి షిఫ్టు చేసే ఈ అమ్మాయిల వల్లే పల్లెల్లో పెళ్లి వయసు, ఇంటి పెత్తనం కొంచెం కదిలాయి. అయితే కాంట్రాక్టు పేరుతో ఏళ్లు గడిచిపోవడం, మూడు పదులు దాటకముందే ఇంటికి పోవడం కూడా ఇందులో భాగమే. స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని 2019లో చట్టం తెచ్చిన రాష్ట్రమే, 2025లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచడానికి పూనుకుంది. రెండు చట్టాలు రెండు ప్రభుత్వాలవి.

రాజకీయం ఫ్యాక్టరీలను తేగలదో లేదో గాని బెదరగొట్టగలదు. సుంకాల గోల లేకుండా 1985లో పుట్టి కరకంబాడిలో పెరిగిన బ్యాటరీల కంపెనీ, అప్పటి టీడీపీ ఎంపీ గల్లా జయదేవ్ కుటుంబానికి చెందిన అమరరాజాకు 2021లో కాలుష్య నియంత్రణ మండలి మూసివేత నోటీసులిచ్చింది, హైకోర్టు ఆపింది. 2022 చివర్లో ఆ కంపెనీ 9,500 కోట్ల కొత్త పెట్టుబడిని తెలంగాణకు ప్రకటించింది. ఆ నోటీసుకూ ఈ ప్రకటనకూ సంబంధం ఎంత అన్నది ఎవరి పార్టీని బట్టి వాళ్లు చెబుతారు.

ఇప్పుడు పట్టిక మళ్లీ కదులుతోంది. 2024 జూలైలో ఫోన్లు, బోర్డులు, చార్జర్ల మీద సుంకాన్ని 20 నుంచి 15కి దించారు. అంటే గోడ ఎత్తు తగ్గింది. 2025 మార్చిలో కేవలం విడిభాగాల కోసం 22,919 కోట్ల పథకానికి కేంద్రం ఆమోదం తెలిపింది. రాజన్ అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా వచ్చిన జవాబుగా దాన్ని చదవొచ్చు. అదే ఏడాది సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీ కోసం సిర్మా ఎస్‌జీఎస్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ నాయుడుపేటను ఎంచుకుంది. 2018లో శ్రీపెరుంబుదూరులోనే ఉండిపోయిన పనికి దగ్గరి చుట్టమే ఇది. శంకుస్థాపనలో ఎవరు నిలబడ్డారన్నదాని కంటే, అందులో రాగి రేకులు, లామినేట్లు ఏ దేశం నుంచి దిగుతున్నాయి, మన పాలిటెక్నిక్, ఐటిఐ పిల్లలకు యంత్రాల దగ్గర చోటు దొరుకుతోందా, బస్సు దింపే గేటు దగ్గరే ఆగిపోతున్నారా అన్నవి టీ అంగడిలో అడగవలసిన ప్రశ్నలు.