బొచ్చె, శీలావతి: నది వరద నుంచి హేచరీ దాకా

బొచ్చె (కట్ల), శీలావతి (రోహు), ఎర్రమోసు (మృగాల) అనే మూడు కార్ప్ జాతి చేపలు చెరువులో ఎంత బాగా పెరిగినా అక్కడ గుడ్లు పెట్టవు. వయసుకొస్తాయి, ఆడచేప పొట్ట నిండా గుడ్లు తయారవుతాయి, కానీ చివరి మెట్టు దాటవు, కొన్నాళ్లకు ఆ గుడ్లు లోపలే కరిగిపోతాయి. ఎందుకంటే ఇవి పుట్టుకతో నది చేపలు. నైరుతి వానలకు గంగ లాంటి పెద్ద నదులు పొంగి, ఎర్రనీరు గట్లు దాటి లోతులేని పల్లాల్లో పరుచుకున్నప్పుడే జతకడతాయి. కిలో బరువున్న శీలావతి రెండు, మూడు లక్షల గుడ్లు వదులుతుంది. అవి దేనికీ అంటుకోవు, నీళ్లు పీల్చి ఉబ్బి ప్రవాహంతో పోతూ ఒక రోజు తిరక్కుండానే పగులుతాయి.

మూడు రోజుల తర్వాత పిల్లకు నోరు తెరుచుకునేసరికి, కొత్తగా మునిగిన నేల మీది నీళ్లలో కంటికి ఆనని సూక్ష్మజీవులు పుష్కలంగా ఉంటాయి. చిన్నప్పుడు మూడు రకాలకూ అదే తిండి. పెరిగాక దారులు వేరవుతాయి. నోరు పైకి తిరిగిన బొచ్చె నీటి పైపొరలో సూక్ష్మజీవుల్ని వడపోసుకుంటుంది, అంచులు కుచ్చులుగా ఉండే పెదాలతో శీలావతి మధ్యపొరలో నాచు, మొక్కల భాగాలు గీరి తింటుంది, ఎర్రమోసు అడుగున కుళ్లిన పదార్థం ఏరుకుంటుంది. తిండి దగ్గర పెద్దగా పోటీ లేదు కాబట్టే ఈ మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచుతారు.

అయితే సీడ్ (చెరువులో వేసే చేపపిల్లలు) ఎక్కడిది? 1957కు ముందు చాలావరకు నదిదే. వరద రోజుల్లో ఒడ్డు వెంట సన్నకన్ను వలలు కట్టి పిల్లల్ని పట్టి, మట్టికుండల్లో పోసి రైళ్లలో పంపేవాళ్లు, గాలి అందాలని దారిలో కుండల్ని కదుపుతూనే ఉండాలి. ఆ వయసులో ఏది ఏ చేపో కంటితో తెలియదు, శీలావతి అనుకుని పోసినదాంట్లో మిగతావాటిని తినేసే వాలుగ కూడా ఉండొచ్చు. రైతుకు అదే పెద్ద టెన్షన్.

చేప మెదడు కింద చిన్న గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిని మరో చేపకు ఎక్కిస్తే గుడ్లు పెట్టించవచ్చని 1930లలోనే అర్జెంటీనా, బ్రెజిల్‌లలో చూపించారు. మన దగ్గర మత్స్య శాస్త్రవేత్తలు డాక్టర్ హీరాలాల్ చౌధురి, ఆలికున్హి కలిసి 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో కార్ప్ చేపల మీద దాన్ని సాధించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పద్ధతి చూడటానికి సులువు: చేప తల కోసి గ్రంథి తీసి ఆల్కహాల్‌లో దాచడం, నూరి నీళ్లలో కలపడం, సాయంత్రం ఆడచేపకు కొద్దిగా ఒక డోసు, సుమారు ఆరు గంటలకు ఇంకాస్త ఎక్కువ, ఆ రెండోసారే మగచేపకు ఒక డోసు, తర్వాత రెండింటినీ నీళ్లలో కట్టిన గుడ్డ తొట్టిలో (హాపా) వదిలేయడం. తెల్లారేసరికి గుడ్లు! వరద చేసే పనిని సూది చేసింది. తర్వాత తలలు కోసే పని తగ్గించే ఓవాప్రిమ్ లాంటి తయారు హార్మోన్ మందులు, నీళ్లు గుండ్రంగా తిరిగే చైనా తరహా తొట్లు వచ్చాయి.

నా దృష్టిలో ఇంత మేలు చేసిన ఆవిష్కరణలు తక్కువ, కానీ దాని నీడలోనే నదిని మర్చిపోయాం. చాలా హేచరీల్లో (ఇలా గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసే కేంద్రాల్లో) అవే కొద్ది తల్లిచేపల సంతానాన్ని మళ్లీ మళ్లీ వాడటంతో రక్తసంబంధం ముదిరి ఎదుగుదల తగ్గుతుంది, ఒకే తొట్టిలో రకాలు కలిస్తే సంకరం పుడుతుంది. త్వరగా ఎదిగే శీలావతి కావాలని భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా 1992లో పని మొదలుపెట్టినప్పుడు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్రల నుంచి చేపలు తెచ్చుకోవాల్సి వచ్చింది. జయంతి రోహు అలా పుట్టింది.

మరి ఆ నదుల్లో? ఆనకట్టలు ఎదురీతను ఆపేస్తున్నాయి, కరకట్టలు వరదను పల్లాలకు వెళ్లనివ్వడం లేదు. హేచరీ పిల్లల్ని నదిలో వదిలే కార్యక్రమాలు జరుగుతున్నాయి, మంచిదే, కానీ అవి ఎదిగాక గుడ్లు పెట్టే చోటు కూడా ఉండాలి కదా. జూలై, ఆగస్టుల్లో పై ఆనకట్టల నుంచి కొన్ని రోజులైనా వరదలా నీళ్లు వదలడం, పూడుకుపోయిన పాత పల్లాలకు దారి తెరవడం ముందు జరగాలి.