మరదలు సరే, పిన్ని కూతురు ఎందుకు కాదు?

దక్షిణాది వాళ్ళకే ప్రత్యేకమైన అలవాట్లంటూ బౌధాయన ధర్మసూత్రం ఒక జాబితా ఇస్తుంది. ఉపనయనం కానివాడితో కలిసి తినడం, భార్యతో కలిసి తినడం, చద్దికూడు తినడం, మేనమామ కూతుర్నో మేనత్త కూతుర్నో చేసుకోవడం. చద్దన్నాన్నీ మరదల్నీ ఒకే పట్టీలో ఎక్కించిన ఘనత ఆయనదే. ఉత్తరాదిలో చాలా కులాల్లో మామ కూతురంటే చెల్లెలే. మన దగ్గర మేనరికం హక్కు లాంటిది, కాదంటే అలకలూ గొడవలూ. కానీ పెదనాన్న కూతుర్నో పిన్ని కూతుర్నో చేసుకుంటాననే మాట మనింట్లో ఎవరి నోటా రాదు. వావి వరస తప్పడమంటే అదే.

జన్యుశాస్త్రానికి ఈ తేడా పట్టదు. మామ కూతురైనా పిన్ని కూతురైనా రక్తసంబంధం వల్ల మనతో పంచుకునే జన్యువులు సగటున 12.5 శాతమే. మనం తప్పుపట్టని అక్క కూతురు విషయంలో అది 25 శాతం. ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగి 2013లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, ఇలా మామ పిల్లల్నో పిన్ని పిల్లల్నో చేసుకున్న దంపతుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది. ఈ ముప్పును చూసే మన పెద్దలు వరసలు పెట్టారనుకుంటే, ముందు అక్క కూతుర్నే వద్దనాలి కదా!

మరి ఈ నిషేధం ఎక్కడిది? ఫిన్లాండ్‌కు చెందిన మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లో ఒక జవాబు చెప్పాడు: పసితనం నుంచి ఒకే ఇంట్లో కలిసి పెరిగినవాళ్ళకు ఒకరి మీద ఒకరికి ఆ రకమైన ఆకర్షణ పుట్టదు, పైగా విముఖత కలుగుతుంది. మరో మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ ఒప్పుకోలేదు. నిప్పులో చెయ్యి పెట్టొద్దని ఎవరూ చట్టం చెయ్యరే, సహజంగానే ఇష్టం లేకపోతే నిషేధం దేనికి అన్నాడు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1913లో ఆ వాదాన్నే పట్టుకుని, కోరిక ఉంది కాబట్టే కట్టడి వచ్చిందన్నాడు.

ఈ తగవుకు సాక్ష్యం ఉత్తర తైవాన్‌లో దొరికింది. అక్కడ ఒకప్పుడు ఆడపిల్లను పసిగుడ్డుగా తెచ్చుకుని, కొడుకుతో పాటే పెంచి, పెద్దయ్యాక ఇద్దరికీ పెళ్ళి చేసేవారు. పెళ్ళి ఖర్చు తగ్గుతుంది, కోడలు అత్త చేతి కింద పెరుగుతుంది. జపాన్ పాలనలో రాసి పెట్టిన ఇంటింటి రిజిస్టర్లను మానవశాస్త్రవేత్త ఆర్థర్ వుల్ఫ్ ఏళ్ళ తరబడి తిరగేశాడు. 14 వేలకు పైగా స్త్రీల వివరాలవి. మామూలు పెళ్ళిళ్ళతో పోలిస్తే ఇలాంటి జంటలకు పిల్లలు బాగా తక్కువ, విడాకులు బాగా ఎక్కువ. పిల్లను ఎంత చిన్నప్పుడు తెచ్చుకుంటే ఈ తేడా అంత ఎక్కువ. రక్తసంబంధం లేదు, నిషేధం లేదు, పెద్దల ఒత్తిడి మాత్రం బోలెడు. అయినా మనసు మొరాయించింది.

ఫ్రాయిడ్ ఎంతో నమ్ముకున్న ఈడిపస్ కథ, అంటే తెలియక తల్లినే పెళ్ళాడిన గ్రీకు రాజు కథ కూడా, నాకు తోచినంతలో, వెస్టర్‌మార్క్ వైపే మొగ్గుతుంది. ఈడిపస్‌ను పుట్టగానే కొండల్లో వదిలెయ్యమని ఇచ్చేశారు, వాడు వేరే ఊళ్ళో పెరిగాడు. తల్లి దగ్గరే పెరిగి ఉంటే ఆ నాటకమే లేదు.

అలాగని వెస్టర్‌మార్క్ అన్నిటికీ సరిపోడు. రోమన్ల పాలనలోని ఈజిప్టులో మామూలు జనం తోబుట్టువుల్నే పెళ్ళాడినట్టు జనాభా లెక్కల కాగితాలు చెబుతున్నాయి. ఋగ్వేదం పదో మండలంలో యమి తన కవల సోదరుడైన యముణ్ణి కోరితే, దేవతల గూఢచారులు కన్ను మూయరని చెప్పి అతను కాదంటాడు. పాత ఇరాన్ జొరాస్ట్రియన్ల పహ్లవీ భాషా గ్రంథాల్లో అదే జంట పెళ్ళి చేసుకుంటుంది, అక్కడ అది పుణ్యం.

కాబట్టి విముఖత ఒకటి, కట్టుబాటు ఇంకొకటి. రెండోదాని గురించి 1949లో ఫ్రెంచి మానవశాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్ చెప్పింది నాకు నచ్చుతుంది: ఇంటి పిల్లను బయటికి ఇస్తేనే బయటివాళ్ళు చుట్టాలవుతారు. న్యూగినీలోని అరాపెష్ జనాన్ని అమెరికన్ మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ చెల్లెల్ని చేసుకోవడం గురించి అడిగితే, చెల్లెల్ని చేసుకుంటే నీకు బావమరిది ఎక్కణ్ణుంచి వస్తాడు, వేటకు ఎవరితో వెళ్తావు అని ఎదురు ప్రశ్న వచ్చింది. బావమరిది బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడు అనే మనకు ఈ లెక్క కొత్త కాదు.

మేనరికం ఈ లెక్కకు అతుకుతుంది. పెదనాన్న పిల్లలు మనింటివాళ్ళు, పైగా ఉమ్మడి కుటుంబంలో కలిసి పెరుగుతారు. మామ కూతురు వేరే ఇంటి పిల్ల, వేసవి సెలవుల్లో తప్ప కనబడదు. చిక్కంతా పిన్ని కూతురితోనే. ఆమెదీ వేరే ఊరే, వేరే ఇంటిపేరే. కానీ రెండు ఇళ్ళు తరతరాలుగా ఒకరి పిల్లను ఒకరు తెచ్చుకుంటూ ఉంటే, అక్కాచెల్లెళ్ళు చేరేది ఒకే ఇంటి అన్నదమ్ముల దగ్గరికి. అప్పుడు పిన్ని మొగుడు నాన్నకు తమ్ముడే, ఆయన కూతురు మనకు చెల్లెలే. ఇప్పుడు ఆ తోడల్లుళ్ళిద్దరూ ఎక్కడెక్కడివాళ్ళో అయినా, పెళ్ళి దాకా ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా, వాళ్ళ పిల్లలు మాత్రం ఇంకా అన్నాచెల్లెళ్ళే.