మోయాయ్‌ల దీవికి కాపలా ఎవరిది?

పసిఫిక్ మహాసముద్రంలోని రాపా నుయి దీవికి వెళ్లే యాత్రికుడు ఇప్పుడు 30 రోజులకు మించి అక్కడ ఉండడానికి లేదు. అక్కడి జాతీయ పార్కులో చాలా చోట్లకు స్థానిక గైడు వెంట ఉంటేనే పంపుతారు. దీవి చిలీదే అయినా, ప్రధాన భూభాగం నుంచి వచ్చే చిలీ వాళ్లకూ ఇదే గడువు. సొంత దేశంలో తిరగడానికి గడువేమిటి అనిపిస్తుంది, ఆ దీవి చరిత్ర తెలియనంతవరకు.

చిలీ తీరానికి సుమారు 3,500 కిలోమీటర్ల దూరంలో, మూడు అగ్నిపర్వతాలు కలిసి పోసిన ముక్కోణపు నేల అది. వైశాల్యం 163 చదరపు కిలోమీటర్లే. 1722లో ఈస్టర్ పండుగ నాడు డచ్ నావికుడు యాకోబ్ రొగెవీన్ కంటపడింది కాబట్టి లోకానికి అది ఈస్టర్ దీవి అయింది.

మోయాయ్‌లంటే అక్కడి పెద్ద రాతి విగ్రహాలు, అక్కడివాళ్లకు అవి పూర్వీకులు. అందుకే చాలా విగ్రహాలు సముద్రానికి వీపు పెట్టి, ఊరి వైపు చూస్తుంటాయి. వాటిని చెక్కిన రానో రరాకు కొండ దగ్గర దాదాపు 400 విగ్రహాలు ఇంకా మిగిలే ఉన్నాయి. కొన్ని సగం చెక్కి, రాతికే అతుక్కుని ఉన్నాయి. శిల్పులు భోజనానికని ఉలి కింద పెట్టి వెళ్లినట్టుంటుంది. వాటిలో పెద్దది సుమారు 70 అడుగుల పొడవు. అది లేచి నిలబడనే లేదు.

చెక్కినవాళ్ల సంతతికి ఏమైంది? 1862లో పెరూ నుంచి వచ్చిన బానిస వ్యాపారులు సుమారు 1,500 మందిని పట్టుకుపోయారు. తిరిగొచ్చిన కొద్దిమందితో పాటు మశూచి కూడా దిగింది. 1877 నాటికి దీవిలో మిగిలింది 111 మంది. దీవి సొంత లిపి రొంగొరొంగోను చదవగలిగినవాళ్లు ఆ దెబ్బకే పోయారు. 1930లలో ఒక హంగేరీ పండితుడు ఆ గుర్తుల్ని మన సింధు లిపితో పోల్చాడు. చదవడం రాని రెండు లిపుల్ని పక్కపక్కన పెడితే తేలేదేముంది?

1888లో చిలీ దీవిని కలుపుకుంది. తర్వాత నేలంతా గొర్రెల మేతకు కంపెనీల చేతికి పోయింది. జనాన్ని హంగా రోవా ఊళ్లోకి నెట్టి చుట్టూ గోడ కట్టారు. తాతల విగ్రహాల మధ్య గొర్రెలు మేశాయి, మనవలకు మాత్రం గోడ దాటాలంటే అనుమతి కావాలి. ఇంకా విడ్డూరం, 1935లోనే దీవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. రాళ్లకు రక్షణ అప్పుడే దొరికింది. మనుషులకు పూర్తి పౌరసత్వం 1964 తిరుగుబాటు తర్వాత, 1966లో గానీ రాలేదు.

ఆ మరుసటి ఏడాదే విమానాలు మొదలయ్యాయి. 1960 సునామీకి కొట్టుకుపోయిన టొంగరీకిలోని 15 విగ్రహాలను 1990లలో జపాన్ క్రేన్‌తో మళ్లీ నిలబెట్టారు. 1995లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రాకపోకలతో పాటు చెత్త, నీళ్ల ఇబ్బంది, వచ్చి స్థిరపడేవాళ్లు పెరిగారు. 2017 జనగణనకు జనాభా 7,750. ఆ ఏడాదే పార్కు నిర్వహణ మౌ హెనువా అనే స్థానిక సంఘం చేతికి వచ్చింది. ఇదివరకు 90 రోజులున్న గడువును 2018లో 30కి తగ్గించారు.

అదే 2018లో దీవి ప్రతినిధులు లండన్ వెళ్లి, 1868లో బ్రిటిష్ నౌక తీసుకుపోయిన హోవా హకననైయా విగ్రహాన్ని తిరిగిమ్మని అడిగారు. దాని వీపు మీద పక్షి తల మనుషుల బొమ్మలున్నాయి. అది ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.