కాంటూర్ అంటే నీడ: కొత్తగా మేకప్ నేర్చుకునేవాళ్ల అపోహలు, అసలు వాస్తవాలు

నెల్లూరులో పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తూ, ఆసక్తి ఉన్న అమ్మాయిలకు ఈ పని నేర్పుతుంటాను. కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది బ్యాగులో అప్పటికే కాంటూర్ (మొహం మీద నీడలా వేసే ముదురు రంగు) కిట్ ఉంటుంది, తమ రంగుకు సరిపోయే ఫౌండేషన్ (మొహమంతా ఒకే రంగులో కనపడేట్టు రాసేది) మాత్రం ఉండదు. రీల్స్ చూసి కొన్నవి కొన్ని, కొట్లో చెప్పారని కొన్నవి కొన్ని. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, తమ మొహంలోనే ఏదో లోపం ఉందనుకోవడం మరో ఎత్తు.

అపోహ: కాంటూర్ వేస్తే గుండ్రటి మొహం సన్నబడుతుంది.

"అక్కా, నా బుగ్గలు కనపడకుండా చెయ్యవా" అని అడుగుతారు. బుగ్గలు ఎక్కడికీ పోవు. వెలుతురు తక్కువ పడే చోట ఇంకాస్త నీడ ఉన్నట్టు చూపించడమే కాంటూర్ పని. ఎదురుగా, కాస్త దూరం నుంచి చూస్తే ఆ నీడ నిజమే అనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో పక్కకు తిరిగితే అదే గోధుమరంగు చారగా బయటపడుతుంది. నాటకాల్లో వెనక వరసలో కూర్చున్నవాళ్లకు ముక్కు, దవడ తెలియాలంటే గాఢంగా గీయాల్సిందే. సినిమా కెమెరా మొహానికి దగ్గరగా వచ్చాక ఆ మందపాటి రంగు పగుళ్లు బయటపడ్డాయి. అందుకే 1914లో మేకప్ నిపుణుడు మాక్స్ ఫ్యాక్టర్ సినిమా నటుల కోసం పలుచటి గ్రీజ్ పెయింట్ (జిడ్డుగా ఉండే మేకప్ రంగు) తయారుచేశాడు. కాలేజీకి వెళ్లే రోజు వేసుకునేదీ, కళ్యాణమండపంలో లైట్ల కింద వేసేదీ ఒకే మోతాదులో ఉండకూడదు.

అపోహ: వీడియోలో చూపించిన చోటే గీతలు గియ్యాలి.

ఆ గీతలు ఆ మొహానివి. మీరు కిటికీ పక్కన, వెలుతురు ఒకవైపు నుంచే పడేట్టు కూర్చుని, ఏమీ రాసుకోకుండా ఫొటో తీసుకోండి. బుగ్గ ఎముక కింద నీడ ఎక్కడుందో చూడండి. మీ కాంటూర్ అక్కడే. బ్రష్ ముందు చెవి దగ్గర ఆనించాలి, ఎందుకంటే మొదట తగిలిన చోటే రంగు ఎక్కువ దిగుతుంది. అక్కడి నుంచి పెదవి మూల వైపు వస్తూ, కంటి బయటి కొనకు సూటిగా కిందికి వచ్చేసరికి ఆపేయండి. బ్లెండ్ చేసేటప్పుడు, అంటే గీత అంచు కనపడకుండా కలిపేటప్పుడు, చెయ్యి పైకే పోవాలి. సన్నటి మొహాలకు బుగ్గల కింద అసలు వద్దు, పీక్కుపోయినట్టు కనపడతారు.

అపోహ: ఛామనఛాయ వాళ్లు రెండు షేడ్లు తెల్లటి ఫౌండేషన్ కొనాలి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇది. కొట్లో చెబుతారు, ఇంట్లో పెద్దవాళ్లు కూడా "అమ్మాయి కాస్త తెల్లగా కనపడాలమ్మా" అంటారు. తీరా చూస్తే మొహం బూడిదరంగులో, మెడ వేరే రంగులో ఉంటాయి. ఫ్లాష్ పడితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. దాని మీద కాంటూర్ వేస్తే మట్టి అంటినట్టు ఉంటుంది. ఆ అమ్మాయి సొంత రంగులో ఉన్న నిండుదనం అంతా పోతుంది. నేనైతే పెద్దవాళ్లకు నచ్చజెప్పి, ఉన్న రంగుకే వేస్తాను.

షేడ్ చూసేది చేతి మీద కాదు, దవడ మీద. దగ్గరి షేడ్లు మూడు పక్కపక్కన రాసి, పది పదిహేను నిమిషాలు ఆగండి. చర్మం మీది జిడ్డు కలిశాక కొన్ని ఫౌండేషన్లు ముదురుతాయి. తర్వాత కొట్లో ట్యూబ్‌లైట్ కింద నుంచి బయట రోడ్డు మీదికి వచ్చి పగటి వెలుతురులో చూడండి. ఏది కనపడకుండా కలిసిపోతే అదే మీది. మణికట్టు నరాల రంగు చూసి అండర్‌టోన్ (చర్మం లోపలి ఛాయ) చెప్పే చిట్కా ముదురు రంగు చర్మం మీద సరిగ్గా తేలదు. ఇంకో సంగతి, నలుగు పెట్టాక ఒకటి రెండు రోజులు పసుపు ఛాయ ఉండిపోతుంది. అప్పుడు షేడ్ ఎంచుకోవద్దు, ముందే చూసి పెట్టుకోండి.

కాంటూర్‌కు మీ రంగు కంటే రెండు షేడ్లు ముదురు, మెరుపు లేనిది చాలు. అదే ఫౌండేషన్‌లో ముదురు షేడ్ తీసుకున్నా పని జరుగుతుంది. తెల్లటి వాళ్లకు కాస్త బూడిద కలిసిన గోధుమరంగు నప్పుతుంది. ముదురు రంగు వాళ్లకు అది కళ తీసేస్తుంది, వెచ్చటి ముదురు గోధుమరంగు వాడాలి. బ్రాంజర్ (ఎండ తగిలినట్టు వెచ్చటి ఛాయ ఇచ్చేది) దీనికి బదులు కాదు, దాంట్లో తరచూ మెరుపు ఉంటుంది. మెరిసేది ఏదైనా మొహంలో ముందుకొస్తుంది, నీడ వెనక్కి పోవాలి.

అపోహ: మన ఉక్కకు మందంగా వేస్తేనే నిలుస్తుంది.

రోహిణి కార్తెలో మందంగా వేస్తే చెమటతో పాటు ముక్కలుగా లేస్తుంది. పలుచగా వెయ్యండి, టిష్యూతో అద్దండి, ఆపైనే పౌడర్. క్రీమ్ కాంటూర్ పౌడర్ కంటే ముందు. ఈ వరస తిరగేస్తే రంగు మచ్చలు మచ్చలుగా కనపడుతుంది.

అపోహ: ఫౌండేషన్‌లో ఎస్‌పీఎఫ్ ఉంది, సన్‌స్క్రీన్ అక్కర్లేదు.

ఎస్‌పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె. ఆ అంకె చర్మం మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి కొలిచింది. ఫౌండేషన్ ఎవరూ అంత రాయరు. సన్‌స్క్రీన్ విడిగా రాసుకోవాల్సిందే.

అపోహ: ఖరీదైతేనే మంచిది.

కాదు. అలాగని "ఫస్ట్ కాపీ" అని అమ్మే నకిలీ బ్రాండ్లు మాత్రం ముట్టుకోకండి. తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేనిది ఎంత చవకైనా వద్దు. కొత్తది ఏదైనా చెవి వెనక రాసి రెండు రోజులు చూడండి. డబ్బా మీద తెరిచిన మూత బొమ్మలో 6ఎమ్, 12ఎమ్ అని ఉంటే మూత తీశాక అన్ని నెలలే వాడాలని. తీసిన తేదీ పెన్నుతో డబ్బా మీదే రాసిపెట్టుకోండి.