యూఎస్‌బీ పోర్టులూ బయాస్ సెట్టింగులూ: అపోహలు - వాస్తవాలు

యూఎస్‌బీ పోర్టు పనిచేస్తలేదని నల్గొండలోనైనా పాలమూరులోనైనా ఎవరన్నా కంప్యూటర్ పట్టుకొస్తే మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఎక్కడిదాకా పనిచేస్తోంది? స్విచ్ వేశాక కంపెనీ లోగో కనబడేదాకా పెత్తనం బయాస్‌ది, అంటే విండోస్ కంటే ముందే నడిచే, బోర్డు మీది చిప్‌లో ఉండే ప్రోగ్రామ్‌ది. విండోస్ లోడవడం మొదలయ్యాక డ్రైవర్‌ది, అంటే పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ది. లోగో దగ్గరున్న ఈ గెట్టు చూసుకోకపోతే ఇవతలి రోగానికి అవతల మందు వేసినట్టవుతుంది. బయాస్ తెరలో కీబోర్డు బాణాలు కదిలి, విండోస్‌లో కదలకపోతే పోర్టు తప్పేం లేదు. రెండు చోట్లా, అన్ని పోర్టుల్లోనూ, వేరే కీబోర్డు పెట్టినా కదలకపోతేనే బోర్డును అనుమానించాలి.

అపోహ: "సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ తెచ్చిన అన్నా, ముందటి పోర్టులన్నీ చచ్చిపోయినయ్."

చచ్చిపోయి ఉండకపోవచ్చు, మూసేసి ఉండొచ్చు. తప్పంతా నిజంగా బయాస్‌దే అయ్యే సందర్భం ఇది. ఆఫీసుల నుంచి బయటికొచ్చే డెల్, హెచ్‌పీ డెస్క్‌టాప్‌లలో డేటా బయటికి పోకుండా పోర్టులను ఫర్మ్‌వేర్‌లోనే (అంటే బయాస్‌లోనే) ఆపేసి ఉంచుతారు. డెల్ అయితే లోగో దగ్గర ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10 నొక్కి లోపలికి వెళ్లండి. డెల్‌లో యూఎస్‌బీ కాన్ఫిగరేషన్ కింద ముందు పోర్టులకు, వెనక పోర్టులకు, బూట్ సపోర్ట్‌కు వేర్వేరు టిక్కులుంటాయి. హెచ్‌పీలో సెక్యూరిటీ లేదా పోర్ట్ ఆప్షన్స్ కింద వెతకాలి. బూట్ సపోర్ట్ ఒక్కటే తీసేసి ఉంటే పెన్‌డ్రైవ్ విండోస్‌లో మామూలుగానే కనబడుతుంది, దాంతో ఓఎస్ (విండోస్‌లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) మాత్రం వేయలేం. పాస్‌వర్డ్ అడిగితే బోర్డు మీది గుండ్రటి సెల్ తీసి పెడితే పోతుందని నమ్మకండి. ఆఫీసు మోడళ్లలో చాలావాటికి పాస్‌వర్డ్ వేరే చిప్‌లో నిలిచిపోతుంది. కొన్ని డెస్క్‌టాప్ బోర్డుల మీద దానికోసమే జంపర్ (కలపడానికీ విడదీయడానికీ వీలైన చిన్న పిన్నులు) ఉంటుంది, ల్యాప్‌టాప్‌లో సాధారణంగా ఆ సౌకర్యం ఉండదు. అందుకే కొనేముందే బయాస్ తెరిచి చూపించమని అడగండి.

అపోహ: "లెగసీ యూఎస్‌బీ ఆన్ చేస్తే పెన్‌డ్రైవ్ వస్తది."

లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ పని గెట్టుకు ఇవతలే. యూఎస్‌బీ తెలియని పాత ఓఎస్‌లకు, డాస్‌లాంటి వాటికి, యూఎస్‌బీ కీబోర్డును పాతకాలం కీబోర్డులా చూపించడమే అది చేసేది. ఇప్పటి యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయాస్) బోర్డుల్లో దాన్ని ఆఫ్ చేసినా బయాస్ తెరలో కీబోర్డు పనిచేస్తుంది, విండోస్ 10, 11 దాన్ని పట్టించుకోవు. పక్కనే ఉండే ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ 3.0 పోర్టులను నడిపే కంట్రోలర్) హ్యాండాఫ్ కూడా అంతే. కంట్రోలర్‌ను బయాస్ చేతిలోంచి తీసుకోవడం చేతకాని ఓఎస్‌ల కోసం పెట్టిన ఉపాయం అది. రెండూ ఎనేబుల్‌లోనే ఉంచండి, వాటితో ఆడుకోకండి.

ఈ సెట్టింగులు అసలు గుర్తొచ్చేది విండోస్ 7 దగ్గర. మిర్యాలగూడ వైపు మిల్లుల్లో లాగా పాత కాంటా సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 7నే కావాలనేవాళ్లున్నారు. 2015లో వచ్చిన ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్ నుంచి పాత ఈహెచ్‌సీఐ (యూఎస్‌బీ 2.0) కంట్రోలర్ తీసేశారు, ఎక్స్‌హెచ్‌సీఐ ఒక్కటే మిగిలింది. విండోస్ 7 డిస్క్‌లో దాని డ్రైవర్ లేదు. అందుకే కీబోర్డు బయాస్‌లో బంగారంలా పనిచేసి, ఇన్‌స్టాల్ తెర రాగానే మూగబోతుంది. గుండ్రటి పీఎస్/2 సాకెట్ ఉంటే ఆ కీబోర్డు తగిలించి పూర్తి చేయొచ్చు. లేకపోతే ఇన్‌స్టాల్ ఇమేజ్‌లోకే యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు ఎక్కించుకోవాలి. బూట్ ఫైలూ (boot.wim) ఇన్‌స్టాల్ ఫైలూ (install.wim) రెండింట్లోనూ ఎక్కించాలి. మొదటిదాంట్లో మాత్రమే ఎక్కిస్తే ఇన్‌స్టాల్ అయ్యాక మళ్లీ అదే కథ.

అపోహ: "బయాస్ డిఫాల్ట్ కొడితే అన్నీ సెట్ అయితయ్."

కొన్నిసార్లు అవుతాయి, కొన్నిసార్లు ఉన్నది పోతుంది. డిఫాల్ట్ కొట్టగానే సాటా మోడ్ (హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారితే విండోస్ నీలి తెర చూపిస్తుంది. సీఎస్‌ఎమ్ (పాత పద్ధతి బూట్), యూఈఎఫ్‌ఐ మోడ్ తారుమారైతే బూట్ డివైస్ లేదంటుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉన్న ల్యాప్‌టాప్ అయితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. కాబట్టి ముందు ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీయండి, కీ దగ్గరుందో లేదో చూడండి, ఆ తర్వాతే డిఫాల్ట్. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే సెట్టింగులతో పని లేదు. సీఆర్2032 సెల్ మార్చండి. కొత్తది 3 వోల్టులు దాటి చూపిస్తుంది, 2.6 దగ్గరికి దిగితే తీసేయడమే.

అపోహ: "బయాస్‌లకే పోతలేదు, కీబోర్డు ఖరాబైంది."

బయాస్‌లోని ఫాస్ట్ బూట్ సమయం మిగుల్చుకోవడానికి యూఎస్‌బీని లేపకుండానే ముందుకెళ్తుంది. మీరు డిలీట్ కీ ఎంత టకటకలాడించినా దానికి వినబడదు. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. అక్కడినుంచి రీస్టార్ట్ చేస్తే నేరుగా బయాస్‌లోకే దిగుతుంది. విండోస్ కూడా రాకపోతే సీమాస్ (బయాస్ సెట్టింగులు దాచుకునే మెమరీ) క్లియర్ చేయాలి: పవర్ వైరు పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి, బోర్డు మాన్యువల్‌లో చూపిన జంపర్‌ను 10 సెకన్లు కలపాలి. జంపర్ దొరక్కపోతే సెల్ తీసి 10 నిమిషాలు ఆగాలి. వైరు పీకకుండా జంపర్ కలిపితే బోర్డుకే ముప్పు.

అపోహ: "ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతుంది గదా, పోర్టు మంచిగనే ఉన్నట్టు."

సాధారణ యూఎస్‌బీ 2.0 పోర్టులో నాలుగు రేకులుంటాయి. అటు చివర 5 వోల్టులు, ఇటు చివర గ్రౌండ్, నడిమి రెండూ డేటా. ఛార్జింగ్‌కు చివరివి చాలు. నడిమివి పోతే ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కుతుంది, పెన్‌డ్రైవ్ లైటు కూడా వెలగొచ్చు, కంప్యూటర్‌కు మాత్రం అక్కడేదో ఉందని తెలియదు. లేదా తెలిసీ తెలియక డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 చూపిస్తుంది. పరీక్ష ఇలా: వైరు పీకి, మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్ గ్రౌండ్ మీద, నల్లది ఒక్కో డేటా రేకు మీద పెట్టండి. రెండు రీడింగులూ దాదాపు ఒకేలా ఉండాలి, పక్కనున్న మంచి పోర్టుతో సరిపోలాలి. ఒకటి సున్నా, లేదా ఏమీ చూపకపోవడం అంటే ఆ లైను పోయింది. దీన్ని ఏ బయాస్ సెట్టింగూ లేపలేదు.

అపోహ: "ఓవర్ కరెంట్ అని వస్తుంది, ఎస్‌ఎంపీఎస్ మార్చాలె."

15 సెకన్లలో ఆపేస్తానని బోర్డు బెదిరించినప్పుడు ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) కొనే ముందు పోర్టుల్లోకి టార్చి వేయండి. పోర్టులో రేకు వంగి డొక్కుకు తగిలి ఉంటుంది, లేదా ముందు పోర్టుల వైరు బోర్డు పిన్నుల మీద ఒక గడి పక్కకు కూర్చుని ఉంటుంది. యూఎస్‌బీ 2.0 వైరుకు 9 పిన్నులు, 3.0కు 19. ఆ 19 పిన్నుల కేబుల్ మొండిది, లాగితే పిన్నులు వంగుతాయి. అన్నీ పీకి ఆన్ చేసి, ఒక్కొక్కటే తగిలిస్తూ పోతే దొంగ దొరుకుతాడు.

అపోహ: "సిస్టమ్ బంద్ జేసినా మౌస్ లైటు వెలుగుతుంది, షార్ట్ ఉన్నది."

షార్ట్ కాదు, స్టాండ్‌బై 5 వోల్టులు. బయాస్‌లో ఈఆర్‌పీ (బంద్ చేశాక కరెంటు వాడకం తగ్గించే సెట్టింగ్) ఆన్ చేస్తే ఆరిపోతుంది. అప్పుడు కీబోర్డుతో సిస్టమ్ లేపడం కూడా కుదరదు.

అపోహ: "కాంటా రీడింగ్ వస్తలేదు, వేలిముద్ర మిషన్ పడుతలేదు, పోర్టు పోయింది."

ఈ రెండూ గెట్టు అవతలి పంచాయితీలే. సీహెచ్340, పీఎల్2303 చిప్పులున్న సీరియల్ కేబుళ్లకు సాధారణంగా సొంత సీరియల్ నంబరు ఉండదు. అందుకే పోర్టు మార్చి గుచ్చితే విండోస్ కొత్త కామ్ నంబరు (సీరియల్ పోర్టుకు విండోస్ పెట్టే పేరు) ఇస్తుంది. కాంటా సాఫ్ట్‌వేరేమో కామ్ 3 కోసమే చూస్తూ ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద ఆ కేబుల్ ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి పాత నంబరు ఇవ్వండి. ఇంకా తేలిక: పాత పోర్టులోనే గుచ్చి, దాని మీద మార్కర్‌తో గీత పెట్టండి. పీఎల్2303 మీద కోడ్ 10 వస్తే చాలావరకు చిప్పు నకిలీదో, కంపెనీ వదిలేసిన పాతదో. కొత్త డ్రైవర్ దాన్ని ఒప్పుకోదు. మీసేవల్లో వాడే వేలిముద్ర పరికరం డివైస్ మేనేజర్‌లో కనబడుతూనే పనిచేయకపోతే సర్వీసుల జాబితాలో దాని ఆర్‌డీ సర్వీస్ (ఆధార్ కోసం ఆ పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) నడుస్తోందో లేదో చూడండి.

అపోహ: "బయాస్ అప్‌డేట్ జేస్తే ఏదైనా బాగైతది."

నిజంగా బాగైన సందర్భమొకటుంది. 2021లో ఏఎండీ 500 సిరీస్ బోర్డుల మీద యూఎస్‌బీ పరికరాలు ఉన్నట్టుండి తెగిపోయేవి. అజీసా (బయాస్‌లో ఉండే ఏఎండీ సొంత కోడ్) 1.2.0.2 ఉన్న బయాస్‌తో అది సర్దుకుంది. మీ బోర్డు కంపెనీ మార్పుల జాబితాలో యూఎస్‌బీ మాట లేకపోతే జోలికి పోవద్దు. చేయాల్సొస్తే ఎఫ్‌ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్, బోర్డు మోడల్‌తోపాటు రివిజన్ నంబరు కూడా కలిసిన ఫైలు, కరెంటు పోయినా నిలబెట్టే యూపీఎస్ ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటును నమ్మి మొదలుపెట్టకండి.

అపోహ: "ఎర్తింగ్‌కూ యూఎస్‌బీకీ ఏం సంబంధం?"

ఎర్త్ లేని ప్లగ్గులో పెట్టిన డెస్క్‌టాప్ డొక్కు, ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ వల్ల సుమారు 110 వోల్టుల మీద తేలుతుంది. ముట్టుకుంటే జుమ్మనేది అదే. కరెంటు కొద్దిదే, కానీ వేరే బోర్డులో ఎర్త్ ఉన్న ప్రింటర్‌ను గుచ్చిన క్షణంలో ఆ తేడా యూఎస్‌బీ వైరులోంచి దిగిందంటే డేటా లైన్లు మాడిపోవచ్చు. మన దగ్గర మార్చి దాటితే ఎర్త్ గుంత ఎండిపోయి, ఉన్న ఎర్త్ కూడా లేనట్టే అవుతుంది. ప్లగ్గులో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటర్ పెట్టండి: రెండు మూడు వోల్టులు దాటితే గుంతలో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో లైను చూపించాలి. అప్పటిదాకా కంప్యూటర్, ప్రింటర్, మానిటర్ ఒకే స్పైక్ బోర్డు మీద ఉంచి, ప్రింటర్ యూఎస్‌బీ వైరు తగిలించేటప్పుడు రెండింటి పవరూ తీసేయండి.